ప్రామాణిక శునకం

ఒక జిల్లా ఎంత ముందుకు పోయిందో తెలుసుకోవడానికి దాని రోడ్లూ, బడులూ, ఆసుపత్రులూ చూడనక్కర్లేదు. ఆ జిల్లా కుక్కల బొచ్చు చూస్తే చాలు. ఇది ఎవరో దారిన పోయే మనిషి అన్న మాట కాదు. శునక కేశ సంక్షేమ విభాగం వారు తమ పదకొండో సర్క్యులర్, మూడో పేరాలో, రబ్బరు స్టాంపు వేసి మరీ చెప్పిన మాట. (మొదటి పది సర్క్యులర్లూ ఈ పదకొండోదాన్ని ఎలా చదువుకోవాలో వివరిస్తాయి.)

ఆ సర్క్యులర్ పుణ్యమా అని అనకాపల్లిలో, బెల్లం మార్కెట్టుకు రెండు వీధుల అవతల, జిల్లా శునక సౌందర్య కేంద్రం వెలిసింది. పెద్దలు వచ్చి రిబ్బను కత్తిరించారు. ఆ కేంద్రంలో ఏదైనా కత్తిరించడం అదే మొదలు. తరువాతి తొమ్మిది నెలలకు అదే చివర కూడా.

కేంద్రంలో పని తెలిసిన మనిషి ఒక్కతే ఉంది. పేరు సూర్యకళ. సొంతూరు కోటవురట్ల. విశాఖపట్నంలో ఒక పెంపుడు జంతువుల దుకాణంలో ఆరేళ్ళపాటు కుక్కలకు స్నానాలు చేయించి, గోళ్ళు తీసి, బొచ్చు కత్తిరించి చేయి తిరిగినది. కరిచే కుక్క ఏదో, కరుస్తానని ఉత్తినే బెదిరించే కుక్క ఏదో చెవులు చూసి చెప్పేస్తుంది. ఆమెకిచ్చిన హోదా ‘శునక కేశ సహాయకురాలు, గ్రేడ్-2’. (గ్రేడ్-1 పోస్టు ఇంకా మంజూరు కాలేదు. అందుచేత ఆమె ఎవరికి సహాయం చేయాలో ఎవరికీ తెలియదు.)

గదిలో పైకీ కిందికీ ఆడే బల్ల ఉంది. తొట్టె ఉంది. తడి ఆరబెట్టే యంత్రం ఉంది. గోడ మీద మంచులో కూర్చున్న ఏదో దేశపు కుక్క పటం ఉంది. బొచ్చు తీసే క్లిప్పరు మాత్రం లేదు. వచ్చిన ప్రతి కుక్కనీ బల్ల ఎక్కించి, బల్ల పైకి లేపి, దువ్వెనతో దువ్వి, బల్ల కిందికి దించి పంపించేది సూర్యకళ. కుక్కలు దీన్ని ఒక విహారయాత్రగా భావించేవి.

చేరిన రోజే ఆమె అరఠావు కాగితం మీద అర్జీ రాసింది. “కుక్కల బొచ్చు తీయడానికి ఒక మంచి క్లిప్పరు కావలెను. మనుషుల గడ్డం తీసేది వద్దు, దాని మోటారు ఒత్తు బొచ్చులో ఆగిపోతుంది. బ్లేడు ఊడదీసి మార్చుకునే రకం కావలెను. పని చేస్తుంటే బ్లేడు కాలుతుంది కనుక రెండు బ్లేడులు. కుక్క బెదరకుండా చప్పుడు తక్కువ ఉండవలెను. ఒక చిన్న సీసా నూనె.”

ఆ కాగితాన్ని సూపరింటెండెంట్ త్రినాధరావు మూడుసార్లు చదివాడు. త్రినాధరావు చెడ్డవాడు కాడు, ఆ సంగతి ముందే చెప్పుకోవాలి. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఆఫీసు పెన్ను ఒక్కటి కూడా ఇంటికి పట్టుకెళ్ళని మనిషి. అయితే రూలు కనబడని చోట ఆయనకు కాలు ఆడదు, చెయ్యి ఆడదు.

“మంచి క్లిప్పరు అని రాసేవేటమ్మా? మంచి అంటే ఏటి?” అన్నాడు.

“బాగా పన్జేసేదండి.”

“బాగా అంటే?”

“కుక్కకి నొప్పెట్టకుండా, బేగి అయిపోయేదండి.”

“బేగి అంటే ఎంత బేగి? నిమిషానికి ఎన్ని ఎంట్రుకలు?”

సూర్యకళ ఎప్పుడూ లెక్కపెట్టలేదు. ఆ మాటే చెప్పింది. త్రినాధరావు జాలిగా చూశాడు. ఆరేళ్ళ అనుభవం ఉందని చెప్పుకునే మనిషి ఇంత ముఖ్యమైన విషయం తెలుసుకోకుండా ఎలా గడిపిందా అన్నట్టు.

దరిమిలా అయిదుగురితో సాంకేతిక కమిటీ వేశారు. కుక్కలున్నవాళ్ళకు కుక్కల పట్ల పక్షపాతం ఉండే వీలుంది కనుక కుక్క లేనివాళ్ళనే ఏరి వేశారు. ఒక సభ్యుడి పెరట్లో ఎనిమిదేళ్ళ కిందట ఒక ఊరకుక్క ఈనిందని ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాయగా ఆయన్ని తప్పించి, చేపలు పెంచుకునే ఆయన్ని వేశారు. సూర్యకళను వేయలేదు. ఆమెకు క్లిప్పర్ల గురించి తెలుసు కనుక ముందే ఒక అభిప్రాయం ఏర్పరచుకుని ఉండే ప్రమాదం ఉంది.

కమిటీ ముందు మొదటి పని యంత్రానికి ఉండవలసిన లక్షణాలు రాయడం. కొత్తగా రాస్తే ఆడిట్ వాళ్ళు అడుగుతారు, పాతది ఉంటే దాన్నే మార్చుకోవాలి. ఆఫీసు కంప్యూటర్లో కోత యంత్రానికి సంబంధించిన పాత టెండరు ఒక్కటే దొరికింది. అది జిల్లాలో విభాగానికి పెద్ద అయిన ఉపసంచాలకుల బంగళా ముందున్న గడ్డి కోసే యంత్రానిది. ‘గడ్డి’ అని ఉన్న ప్రతిచోటా ‘కుక్క’ అని పడేలా కంప్యూటర్లో ఒక్క మీట నొక్కారు. తయారైన పత్రాన్ని అయిదుగురూ చదివి సంతకాలు చేశారు. అందులోంచి కొన్ని షరతులు:

“యంత్రము తడి కుక్కను, ఎండు కుక్కను సమానముగా కోయగలగవలెను.

పదిహేను డిగ్రీల వాలుగల కుక్కపై సయితము జారక నడువవలెను.

కోసిన కుక్క వెనుకనున్న సంచిలో పోగు కావలెను. రెండు చక్రములు తప్పనిసరి.”

సూర్యకళ ఆ కాగితం పట్టుకుని త్రినాధరావు దగ్గరికి పరిగెత్తింది. “సార్, కుక్కని కొయ్యకూడదండి! బొచ్చు కొయ్యాలండి!”

త్రినాధరావు కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. ఆయన ముఖంలో కూడా ఒక క్షణం ఏదో కదిలింది. “నిజమేనమ్మా. తప్పు దొర్లిపోయింది. సవరణకి రాత్తాను.”

రాశాడు. రెండు నెలల తరువాత సవరణ ఉత్తర్వు వచ్చింది. “‘కోసిన కుక్క’ అన్నచోట ‘కోయబడిన కుక్క’ అని చదువుకొనగలరు.”

ఇంతలో ఎండలు ముదిరాయి. అప్పలకొండమ్మ ప్రతి మంగళవారం వచ్చి కేంద్రం అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టింది. ఆమె బెల్లం మార్కెట్టులో దిమ్మలు దించేచోట నేల ఊడ్చే మనిషి. అరవై దగ్గరపడ్డ వయసు. ఆమెకొక కుక్క ఉంది. ఎవరో అద్దెకున్నవాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తూ కుర్చీలూ బల్లలూ లారీ ఎక్కించి, ఈ బొచ్చుకుక్కను మరిచిపోయారు. అప్పుడది పత్తిలా తెల్లగా ఉండేదట. మార్కెట్టులో బెల్లం పొడి మీద పొర్లి పొర్లి గోధుమ రంగుకు తిరిగింది. ఎండకు ఆ బెల్లం కరిగి, బొచ్చంతా అట్టలు కట్టి, కొబ్బరి పీచు పరుపులా తయారైంది. చీమలు బారులు తీరి దాని మీదికి ఎక్కేవి. అప్పలకొండమ్మ దానికి పెట్టుకున్న పేరు పాకం.

“మిసను వచ్చిందేటమ్మా సూర్యకళా?”

“రేపో ఎల్లుండో వచ్చేత్తాది పిన్నీ.”

“పోయిన్నెల కూడా ఇదే మాట సెప్పేవు గదే. రాత్రల్లా గోక్కుంటంది. నాకూ నిద్ర నేదు, దానికీ నిద్ర నేదు.”

మొత్తానికి ఒక మంగళవారం మూడు కంపెనీల ప్రతినిధులు యంత్రాలు పట్టుకుని పరీక్షకు దిగారు. (టెండరు గోప్యత దృష్ట్యా వాటిని మొదటిది, రెండోది, మూడోది అందాం.) ఉపసంచాలకులు కుర్చీలో కూర్చున్నారు. మొదటి రెండు కంపెనీలవీ మామూలు క్లిప్పర్లు. సూర్యకళ వాటిని చేతిలోకి తీసుకుని బరువు చూసింది, మణికట్టు తిప్పి చూసింది, చెవి దగ్గర పెట్టుకుని మోటారు విన్నది. రెండూ బాగానే ఉన్నాయి. ఏది ఇచ్చినా ఈ సాయంత్రానికి పాకం తేలికపడుతుంది. మూడో కంపెనీవాడు మాత్రం షరతులు శ్రద్ధగా చదివి వచ్చాడు. వాడి క్లిప్పరుకు పిల్లల ఆట కారువి రెండు చక్రాలు అంటించి ఉన్నాయి. వెనకాల ఒక తాంబూలం సంచి కుట్టి ఉంది. సంచి మీద ‘లావణ్య వెడ్స్ ధనరాజ్’ అని బంగారు రంగు అక్షరాలు.

కమిటీ సభ్యులు ఆ యంత్రాన్నే ఎక్కువసేపు చూశారు.

పరీక్షకు కుక్క కావాలి. మూడు కంపెనీలకూ మూడు కుక్కలిస్తే న్యాయం జరగదు, ఒకదాని బొచ్చు మెత్తన, ఒకదానిది గరుకు అని కోర్టుకు పోతారు. ఒకటే కుక్క ఉండాలి. సరిగ్గా అప్పుడే అరుగు మీద పాకం పెద్దగా తుమ్మింది. పది నిమిషాల్లో అప్పలకొండమ్మ చేత సంతకం చేయించుకుని, దాన్ని ‘ప్రామాణిక శునకం’గా నోటిఫై చేశారు. సూర్యకళకు గుండెల్లో దీపం వెలిగినట్టయింది. “ఇయాల అయిపోతాది పిన్నీ,” అంది.

పాకాన్ని మూడు జోన్లుగా విభజించారు. ఎడమపక్క మొదటి కంపెనీకి, కుడిపక్క రెండోదానికి, వెనుక భాగం తోకతో సహా మూడోదానికి. మొదటి కంపెనీవాడు ఆరు నిమిషాల్లో ఎడమపక్క పూర్తిచేశాడు. అడుగున దాచుకున్న తెల్లబొచ్చు తళుక్కున బయటపడింది. పాకం ఆనందం పట్టలేక తోక ఊపింది.

ఆ తోకే కొంప ముంచింది.

“ఆబ్జెక్షన్!” అని మూడో కంపెనీవాడు లేచాడు. “మాకిచ్చిన జోన్ కదులుతోంది సార్! వాళ్ళిద్దరికీ నిలకడగా ఉన్న జోన్లు ఇచ్చారు!”

ఉపసంచాలకులు కమిటీ వైపు చూశారు. కమిటీ తోక వైపు చూసింది. తోక నిజంగానే కదులుతోంది. అభ్యంతరాన్ని రాతపూర్వకంగా తీసుకున్నారు. విచారణ పూర్తయ్యేవరకు ప్రామాణిక శునకం విషయంలో యథాతథ స్థితి పాటించవలెనని అక్కడికక్కడే ఉత్తర్వు టైపు చేయించారు.

“అంటే ఏటమ్మా?” అని అడిగింది అప్పలకొండమ్మ.

“ఎలాగుందో అలాగే ఉంచాలంట పిన్నీ.”

“సగం గొరిగేసి?”

సూర్యకళ తలూపింది.

మర్నాటి నుంచి బెల్లం మార్కెట్టులో ఒక వింత మొదలైంది. ఎడమనుంచి చూసినవాళ్ళకు పాకం చిన్న తెల్ల మేకపిల్ల. కుడినుంచి చూసినవాళ్ళకు నడుస్తున్న పరుపు. రోడ్డుకు అటుపక్క, ఇటుపక్క కొట్లున్న ఇద్దరు వర్తకులు అప్పలకొండమ్మకు రెండు కుక్కలున్నాయని ఒకరూ, ఒకటేనని ఒకరూ వాదించుకుని మాటలు మానేశారు. బరువంతా ఒక పక్కకే ఉండడంతో కుక్క కుడికి ఒరిగి నడిచేది. తిన్నగా పోదామనుకుని గుండ్రంగా తిరిగి బయలుదేరిన చోటికే వచ్చేది. (ఈ ఒక్క విషయంలో దానికీ ఫైలుకూ పోలిక కుదిరింది.)

విచారణ రెండుసార్లు వాయిదా పడింది. వారం వారం స్కేలు పెట్టి కొలిచి నివేదిక ఇవ్వడం సూర్యకళ డ్యూటీ. ఆమె నిజాయితీగా కొలిచింది. అయిదో వారం నివేదిక చూసి ఉపసంచాలకులు ఉలిక్కిపడ్డారు. ఎడమపక్క బొచ్చు అరంగుళం పెరిగింది! యథాతథ స్థితికి భంగం! అప్పలకొండమ్మకు సంజాయిషీ నోటీసు వెళ్ళింది.

ఆమె చీపురు చేత్తో పట్టుకునే ఆఫీసుకు వచ్చింది.

“బాబూ, నానేటీ సెయ్యనేదు. ఎరువెయ్యనేదు, నీల్లు పొయ్యనేదు. దానంతటదే మొలిసింది.”

“అదే రాసియ్యమ్మా,” అన్నాడు త్రినాధరావు.

“రాయడానికేటుంది? నీకు మాత్తరం గెడ్డం పెరగదేటి?”

త్రినాధరావు అప్రయత్నంగా చెంప తడుముకున్నాడు. “నా గెడ్డం టెండర్లో లేదమ్మా,” అన్నాడు. ఆ తరువాత ఆమె తరఫున తనే రాశాడు: “బొచ్చు స్వయంప్రేరితముగా పెరిగినది. ఇందులో యజమాని హస్తము లేదు.”

ఆరో వారం కొలతకు వెళ్ళినప్పుడు పాకం లేచి రాలేదు. బిస్కట్టు చూపిస్తే ముఖం తిప్పుకుంది. సూర్యకళ కుడిపక్క అట్టకట్టిన బొచ్చును వేళ్ళతో మెల్లగా ఎత్తి చూసింది. కింద చర్మం ఎర్రగా, తడిగా ఉంది. చీమలు. వాసన. ఆమె వేళ్ళు తగిలినచోట కుక్క అరవలేదు, వణికింది. అరవని కుక్కను చూస్తే సూర్యకళకు భయం.

తిన్నగా త్రినాధరావు బల్ల ముందుకు వచ్చింది. “సార్, క్లిప్పరు వద్దండి. కత్తెరతో ఆ ఒక్కపక్క తీసేత్తాను. పుండయిపోయిందండి.”

“పద్దెనిమిదో తారీకున విచారణుందమ్మా.”

“పద్దెనిమిది దాకా ఆ పుండు ఆగుతాదేటండి?”

త్రినాధరావు నోటీసులూ నివేదికలూ అన్నీ తిరగేశాడు. చాలాసేపు వెతికాడు. “పుండుకి కాలమ్ లేదమ్మా,” అన్నాడు చివరికి, చిన్న గొంతుతో. సూర్యకళ ఇంటికి వెళ్ళిపోయింది.

ఆమె కాంట్రాక్టు వచ్చే నెలతో ముగుస్తుంది. పొడిగించేది ఆ ఆఫీసే. ఇంట్లో బీరువా కింద అరలో, పాత చీర ముక్కలో చుట్టి, ఆమె సొంత క్లిప్పరు ఉంది. విశాఖలో కొట్టు మానేసేటప్పుడు తెచ్చుకున్నది. పని లేకపోయినా నెలకోసారి బయటికి తీసి, బ్లేడు ఊడదీసి, చిన్న బ్రష్షుతో సందులు తుడిచి, ఒక చుక్క నూనె వేసి, మోటారు ఒక నిమిషం ఆడించి మళ్ళీ చుట్టి పెట్టేది. ఎందుకలా చేస్తోందో తనకే తెలిసేది కాదు. ఆ సాయంత్రం రెండు బ్లేడులకూ నూనె వేసింది. ఎక్కడైనా తుప్పు పట్టిందేమోనని చూసుకుంది. లేదు.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండింటి వరకు భోజన విరామం. ఆ గంటలో ఉద్యోగి చేసే పనులకు కేంద్రం బాధ్యత వహించదని పన్నెండో సర్క్యులర్ చెబుతోంది. మర్నాడు సరిగ్గా ఒంటిగంటకు సూర్యకళ బెల్లం మార్కెట్టులో ఉంది.

“కాటా ప్లగ్గు కొంచెం ఇత్తారా మావా?” అని అక్కడ బెల్లం తూచే పెద్దమనిషి జోగిని అడిగింది.

జోగి ఆమె చేతిలో మిషనునీ, మూలన ముడుచుకున్న కుక్కనీ చూశాడు. కాటా వైరు పీకేశాడు. “ఒరేయ్, తూకం ఆపండ్రా. పాకానికి తలనీలాలు!”

పని చేస్తున్నవాళ్ళంతా దిమ్మలు దించేసి చుట్టూ మూగారు. బెల్లం పట్టిన బొచ్చులోకి క్లిప్పరు పెడితే రెండు నిమిషాల్లో బ్లేడు బిగుసుకుపోతుంది. మొదటి కంపెనీవాడు ఆరు నిమిషాల్లో మూడు బ్లేడులు మార్చింది అందుకే. సూర్యకళ గోరువెచ్చని నీళ్ళతో గుడ్డ తడిపి బెల్లం కరిగేదాకా అద్దింది. ఎండలో పొడిగా ఆరనిచ్చింది. అప్పుడు మీట నొక్కింది.

“జుమ్...” పాకం చెవులు నిక్కబొడిచింది. “నానున్నానే, ఉండవే,” అంది అప్పలకొండమ్మ దాని ముఖం ఒడిలో పెట్టుకుని.

బ్లేడు చర్మానికి పడుకోబెట్టినట్టు పెట్టి, అట్ట కిందినుంచి మెల్లగా పోనిచ్చింది సూర్యకళ. తోయలేదు. మిషను దానంతట అది నడిచింది. నాలుగు చారలు తీయగానే ఆపి, బ్లేడు తన మణికట్టు మీద ఆనించి చూసుకుంది. వేడి. రెండో బ్లేడు మార్చింది. పుండు దగ్గరికొచ్చేసరికి ఊపిరి బిగబట్టింది. చుట్టూ ఉన్న ముప్ఫైమందీ బిగబట్టారు. అట్ట మొత్తం ఒక్క ముక్కగా, డోర్ మ్యాట్‌లా ఊడి కింద పడింది. అందులోంచి ఒక పల్లీ, ఒక రసీదు ముక్క, జోగి పోగొట్టుకున్న పెన్సిలూ బయటపడ్డాయి.

వెనుక భాగం, తోకతో సహా, ఏ అభ్యంతరమూ లేకుండా పూర్తయింది. పుండు కడిగి మందు రాసింది. పాకం లేచి నిలబడింది. ఒళ్ళు విదిలించుకుంది. తన బరువు తనకు దొరకనట్టు ఒకసారి తూలింది. ఆ తరువాత పరుగు లంకించుకుంది! దిమ్మల మీంచి దూకింది, బళ్ళ కిందినుంచి దూరింది, ఈ చివరినుంచి ఆ చివరికి తిన్నగా పోయి, తిన్నగా తిరిగి వచ్చింది. జనం ఈలలు వేశారు. అప్పలకొండమ్మ నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. సూర్యకళ మాత్రం బ్లేడులో చిక్కిన బొచ్చును బ్రష్షుతో తుడుస్తూ, పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. పదకొండు నెలల్లో అదే మొదటి నవ్వు.

ఆ నవ్వు మధ్యలో గేటు దగ్గర త్రినాధరావు కనబడ్డాడు. ఎవరో ఫోను చేసినట్టున్నారు. ఈలలు ఆగిపోయాయి. సూర్యకళ మిషను దాచలేదు, చేతిలోనే పట్టుకుని నిలబడింది.

పాకం పరిగెత్తుకుంటూ పోయి ఆయన తెల్లచొక్కా మీద ముందుకాళ్ళు రెండూ వేసింది. త్రినాధరావు దాన్ని ఎడమనుంచి చూశాడు. కుడినుంచి చూశాడు.

“ఇది ఏ కుక్కమ్మా?”

“పాకమేనండి,” అంది సూర్యకళ. అబద్ధమాడడం తట్టలేదు.

“కాదు. రికార్డులో ఉన్న ప్రామాణిక శునకం రెండు రంగులది. కుడికి ఒరిగి నడుత్తాది. ఇది ఒకటే రంగు, తిన్నగా నడుత్తంది.” చెయ్యి కుక్క తల మీద ఎప్పుడు పడిందో ఆయనకే తెలిసినట్టు లేదు. “ఈ కుక్కని నేనెరగనమ్మా. రెండయిపోతంది, డ్యూటీకి రా.”

ఆ సాయంత్రం ఫైల్లో ఒక వాక్యం చేరింది: “ప్రామాణిక శునకము కనబడుట లేదు.” సగం తెల్లగా, సగం గోధుమగా ఉన్న ఫొటోతో గోడల మీద నోటీసులు అంటించారు. ఒక నోటీసు కింద పాకం రోజూ పడుకునేది. ఎవరూ గుర్తుపట్టలేదు.

పద్దెనిమిదో తారీకున కమిటీ సమావేశమై, శునకము అందుబాటులో లేనందున శునకముతో నిమిత్తం లేకుండా యంత్రాన్ని ఎంపిక చేయాలని తీర్మానించింది. ఆ లెక్కన చక్రాలూ సంచీ ఉన్నది ఒక్క మూడో కంపెనీదే. నెల తిరక్కుండా యంత్రం వచ్చింది, లావణ్య, ధనరాజ్‌ల పేర్లతో సహా. కంపెనీ ఇంజనీరు సమక్షంలో తప్ప సీలు తీస్తే వారంటీ పోతుందని పెట్టె మీద రాసి ఉంది. ఇంజనీరు ఏ ఊళ్ళో ఉంటాడో రాసి లేదు. వాడిన ప్రతిసారీ ఒక చుక్క నూనె వేయాలని కూడా ఉంది. అయితే స్టోర్సు రిజిస్టరులో ‘చుక్క’ అనే కొలత లేదు. పీపా నుంచే మొదలు.

యంత్రాన్ని అద్దాల బీరువాలో పెట్టారు. సూర్యకళ కాంట్రాక్టు పొడిగించారు. ఆమె కొత్త డ్యూటీ నెలనెలా యంత్రం పరిస్థితి రాయడం. ఆమె ఇప్పుడు కూడా నిజాయితీగానే రాసింది: “వేడెక్కలేదు. చప్పుడు లేదు. బ్లేడు అరగలేదు. ఒక్క వెంట్రుక కూడా ఇరుక్కోలేదు.” ఆదివారాలు బెల్లం మార్కెట్టులో కాటా పక్కన, సొంత మిషనుతో, వరసలో కూర్చున్న కుక్కలకు బొచ్చు తీసేది. అది ఎక్కడా రాయలేదు.

సంవత్సరం చివర, రాష్ట్రం మొత్తం మీద యంత్రాన్ని అత్యుత్తమంగా నిర్వహించిన కేంద్రంగా అనకాపల్లికి బహుమతి వచ్చింది. మిగతా జిల్లాల బృందాలు బస్సుల్లో వచ్చి, బీరువా చుట్టూ నిలబడి, నోట్సు రాసుకుని వెళ్ళాయి. బహుమతి పత్రాన్ని గోడకు తగిలించిన రోజే, యంత్రం ఇకముందు కూడా ఇదే స్థితిలో ఉండాలన్న సదుద్దేశంతో, జిల్లా శునక సౌందర్య కేంద్రం గేటుకు కొత్త బోర్డు పెట్టారు: “కుక్కలకు ప్రవేశము లేదు.”